అమెరికావాళ్లకు హీరో పిచ్చి లేదట! బేబ్ రూత్ కాలం సంగతులు తెలిసినవాళ్లు కాస్త రండి

గోదారోడు

నిన్న మా ఆఫీసులో భోజనాల దగ్గర పెద్ద రగడ. మామూలుగానే మొదలైంది, కొత్త సినిమా రిలీజ్, కటౌట్లు, పాలాభిషేకాలు, మనవాళ్లకు ఇంకేం పని లేదా అని. మా టీమ్‌లో ఒకాయన పదేళ్లు అమెరికాలో ఉండి వచ్చారు. ఆయన చపాతీ తుంచుకుంటూ "అక్కడ ఈ పిచ్చి ఉండదయ్యా, ఆటను ఆటలా చూసి ఇంటికెళ్లిపోతారు, మనుషుల్ని నెత్తిన పెట్టుకోరు" అని తీర్పు ఇచ్చేశారు. అది అబద్ధమని నాకు లోపల తెలుస్తూనే ఉంది కానీ నోట్లోంచి బేబ్ రూత్ అన్న ఒక్క బేస్‌బాల్ ఆటగాడి పేరు తప్ప ఏమీ రాలేదు. "ఏం చేశాడేమిటి ఆ రూత్?" అన్నారు. బంతి ఎక్కడ పడుతుందో ముందే వేలు పెట్టి చూపించి మరీ కొట్టాడంట అన్నాను. టేబుల్ టేబులంతా నవ్వింది. మన సినిమాల్లో ఇంటర్వెల్ సీనే కదా ఇది అన్నారు.

ఇంతకీ అది నిజమేనా? వందేళ్ల కిందట అక్కడ ఆటగాళ్ల మీద మోజు ఎలా ఉండేదో తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారం లోపు కావాలి, పరువు సమస్య.

రంగారావు మాస్టారు

ఆ వేలు సంగతి చెప్తాను. 1932 అక్టోబర్ 1, చికాగోలో రిగ్లీ ఫీల్డ్, బేస్‌బాల్ ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌లో మూడో ఆట. రూత్ జట్టు యాంకీస్‌కూ చికాగో కబ్స్‌కూ అప్పటికే ఉప్పూ నిప్పూ. కారణం డబ్బు. సీజన్ మధ్యలో వచ్చి కబ్స్‌ను గట్టెక్కించిన మార్క్ కేనిగ్ అనే ఆటగాడికి వాళ్లు సిరీస్ డబ్బులో సగం వాటానే రాశారు, అతను అంతకుముందు యాంకీస్‌లో రూత్ పక్కన ఆడినవాడు, దాంతో రూత్ వాళ్లను పిసినిగొట్లని నోరారా తిడుతున్నాడు, వాళ్లు బెంచీ మీద నుంచి ఇతని పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతున్నారు, జనం నిమ్మకాయలు విసురుతున్నారు. ఐదో ఇన్నింగ్స్, స్కోరు 4-4. పిచర్, అంటే బంతి విసిరేవాడు, చార్లీ రూట్. ఒక స్ట్రైక్ పడింది (మూడు పడితే ఔట్), రూత్ ఒక వేలు ఎత్తాడు. ఇంకో స్ట్రైక్, రెండు వేళ్లు. మళ్లీ ఏదో సైగ చేశాడు. ఆ తర్వాతి బంతి సెంటర్ ఫీల్డ్ దాటి స్టాండ్స్‌లో పడింది.

ఆ సైగ పిచర్ వైపా, కబ్స్ బెంచీ వైపా, సెంటర్ ఫీల్డ్ వైపా అన్నదే తగువు. ఆ రోజే న్యూయార్క్ పత్రికలో జో విలియమ్స్ అనే విలేకరి, బిలియర్డ్స్ ఆటగాడు ముందే చెప్పి కొట్టినట్టు రూత్ కొట్టాడన్న అర్థంలో వార్త వేశాడు. మైదానంలోనే కూర్చున్న మిగతా విలేకరుల్లో చాలామంది మొదటి రోజు ఆ ఊసే ఎత్తలేదు. రెండు మూడు రోజులు గడిచేసరికి అందరికీ గుర్తొచ్చింది! రూత్ మొదట అటూ ఇటూ కాకుండా మాట్లాడి, జనం ముచ్చట చూశాక తానూ అవునన్నాడు. రూట్ మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు, నిజంగా అలా చూపించి ఉంటే తర్వాతి బంతి అతని ఒంటికేసి కొట్టేవాణ్ణి అనేవాడు. ప్రేక్షకుల్లో ఒకాయన తన సొంత కెమెరాతో తీసిన ఫిల్ము చాలా ఏళ్లకు బయటపడింది. చెయ్యెత్తడం కనిపిస్తుంది, ఎటో తేలదు. నన్నడిగితే బెంచీ వైపే.

గోదారోడు

మాస్టారూ, మరి నేను సోమవారం ఏమనాలి? చూపించాడనా, లేదనా?

రంగారావు మాస్టారు

చెయ్యెత్తాడు అను.

నిక్కచ్చి

ఒక్క రూత్‌ను పట్టుకుని పోలిక పెట్టేస్తే ఎలా? వాళ్లది వ్యాపారం, మనది భక్తి. టికెట్ కొన్నాడు, చప్పట్లు కొట్టాడు, పోయాడు. ఆ ఆఫీసాయన చెప్పిందాంట్లో తప్పేం లేదు.

హోబోకెన్ బాబ్జీ

నిక్కచ్చి గారూ, టికెట్ కొన్నవాళ్ల సంగతి సరే, కొననివాళ్ల సంగతి చెప్తా వినండి. నేను న్యూజెర్సీలో ఉంటాను, రోజూ హోబోకెన్ స్టేషన్‌లో రైలు మారతాను. మన తెలుగువాళ్లు వందల మంది ఆ ప్లాట్‌ఫామ్ల మీద లాప్‌టాప్ బ్యాగులేసుకుని పరుగెత్తుతుంటారు. మూడేళ్లు అలా పరుగెత్తాక తెలిసింది, అక్కడ 1921 జులై 2న ఏం జరిగిందో.

ఆ రోజు పక్కనే జెర్సీ సిటీలో జాక్ డెంప్సీకీ ఫ్రాన్స్ నుంచి వచ్చిన జార్జెస్ కార్పెంటియర్‌కూ హెవీవెయిట్ టైటిల్ బాక్సింగ్. టెక్స్ రికర్డ్ అనే ప్రమోటర్ ఆ ఒక్క మ్యాచ్ కోసం పచ్చి చెక్కతో ఒక పెద్ద గిన్నెలాంటి స్టేడియం కట్టించాడు. 80 వేల మందికి పైగా వచ్చారు, జనం లేచి నిలబడితే గ్యాలరీలు ఊగాయట. గేటు వసూళ్లు 17 లక్షల డాలర్లు దాటాయి, ఒక మ్యాచ్ పది లక్షలు దాటడం అదే మొదలు. ఇప్పటి మన భాషలో చెప్పాలంటే ఫస్ట్ డే రికార్డ్.

పబ్లిసిటీ చూడండి. కార్పెంటియర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పతకాలు తెచ్చుకున్న వీరుడు, అందగాడు. డెంప్సీ మీద యుద్ధానికి పోకుండా ఎగ్గొట్టాడని కేసు నడిచింది, కోర్టు కొట్టేసింది కానీ మరక పోలేదు. ఓడల కార్ఖానాలో పని చేస్తున్నట్టు ఫొటో దిగాడు, ఆ ఫొటోలో కాళ్లకు తళతళలాడే ఖరీదైన బూట్లు ఉన్నాయి, దొరికిపోయాడు. రికర్డ్ గారికి ఇంతకంటే ఏం కావాలి! ఒకడు హీరో, ఒకడు విలన్, టికెట్లు వాటంతట అవే తెగుతాయి. తీరా విలన్ నాలుగో రౌండ్‌లో హీరోను పడుకోబెట్టేశాడు.

ఇంక రేడియో. అప్పటికి ఇళ్లల్లో రేడియో ఇంకా రాలేదు, సరదాగా సెట్లు కట్టుకునే కుర్రాళ్ల దగ్గర తప్ప. ఈ మ్యాచ్ కోసం హోబోకెన్ స్టేషన్‌లో, రైలు పోర్టర్లు బట్టలు మార్చుకునే రేకుల షెడ్డులో ట్రాన్స్‌మిటర్ పెట్టారు, స్టేషన్ గడియారం టవర్‌కు తీగ కట్టారు. రింగ్ పక్కన కూర్చున్న ఆండ్రూ వైట్ అనే ఆయన టెలిఫోన్‌లో ఒక్కో దెబ్బా చెప్తుంటే, హోబోకెన్‌లో ఇంకొకాయన ఆ మాటలు విని మళ్లీ మైకులో చదివాడు. అంటే జనం విన్నది మ్యాచ్ దగ్గరున్నవాడి గొంతు కూడా కాదు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో థియేటర్లలో, హాళ్లలో సెట్లు పెట్టి, స్పీకర్లు కట్టి, ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి. బంతి చూడక, దెబ్బ చూడక, ఎవడో చెప్తే ఎవడో చదివింది విని కేకలేసినవాళ్లది భక్తి కాకపోతే ఏమిటండీ?

గోదారోడు

బాబ్జీ అన్నా 🙏 ఇది సోమవారానికి పక్కా. మా తాతయ్య పంచాయతీ రేడియో దగ్గర క్రికెట్ స్కోరు విన్న కథలు గుర్తొచ్చాయి.

రంగారావు మాస్టారు

రేడియోకు ముందు సంగతి ఒకటి కలుపుతాను. పత్రికాఫీసుల ముందు గోడకు పెద్ద బోర్డు తగిలించేవారు, దాని మీద బేస్‌బాల్ మైదానం బొమ్మ. టెలిగ్రాఫ్‌లో కబురు రాగానే లోపలి కుర్రాడు బంతి బొమ్మను జరిపేవాడు. వరల్డ్ సిరీస్ రోజుల్లో న్యూయార్క్‌లో రోడ్లు నిండిపోయేవి, ట్రాములు కదిలేవి కావు. ఒక చెక్క మీద ఒక గుండీ జరుగుతుంటే వేలమంది టోపీలు ఎగరేశారు. మన దగ్గర టీవీ షాపు అద్దం ముందు నిలబడ్డవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

చిల్లర నాణేలు

కార్డుల గురించి ఎవరూ అనలేదేం? మన చిన్నప్పుడు బబుల్‌గమ్ కవర్‌లో క్రికెటర్ బొమ్మ, వెనక ఇన్ని రన్నులు ఇన్ని వికెట్లు అని వచ్చేవి కదా, పోగేసి పిచ్చెక్కిపోయేవాళ్లం (నా పుస్తకం మా అన్నయ్య అమ్మేశాడు, ఆ కక్ష ఇంకా ఉంది). దాని ముత్తాత సిగరెట్ కార్డు. పెట్టె నలగకుండా అట్టముక్క పెట్టాలి, ఆ అట్ట మీద బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ వేస్తే సిగరెట్లు ఇంకో నాలుగు పెట్టెలు పోతాయి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ అలా వేసిన సెట్టులో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఉంది. ఆయన నా బొమ్మ వద్దన్నాడు, కంపెనీ ఆపేసింది. పిల్లలు నా బొమ్మ కోసం సిగరెట్లు కొనకూడదు అన్నాడని కొందరు, నాకు డబ్బివ్వలేదని అడ్డుపడ్డాడని కొందరు. ఆయనే పొగాకు నమిలేవాడు కాబట్టి నేను రెండో పార్టీ. ఇప్పటికి మిగిలినవి అరవై దాకా ఉంటాయేమో, వాటిలో ఒకటి 2021లో 66 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. నలిగిపోయిన అట్టముక్క అండీ అది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.

నిక్కచ్చి

ఇదే నేనన్నది! సిగరెట్ కంపెనీ, ప్రమోటర్, పత్రిక. అన్నీ దుకాణాలే.

చిల్లర నాణేలు

మన కటౌట్‌కు ఫ్లెక్సీ ఎవరు ప్రింట్ చేస్తారు సార్, దేవుడా?

మోడరేటర్

ఇక్కడ రెండు పోస్టులు తీసేశాను. ఇప్పటి మన హీరోల పేర్లు తీసుకురావద్దు, ఆ గొడవలకు వేరే గది ఉంది. వందేళ్ల కిందటి అమెరికాలోనే ఉండండి. నేను కూడా చదువుతున్నాను, బాగుంది.

పాలమూరు శీను

అందరూ నెత్తిన పెట్టుకున్నోళ్ల గురించే చెప్తున్నరు. తొక్కాలని చూసినోళ్ల గురించి నేను చెప్త. జాక్ జాన్సన్. 1878ల టెక్సాస్‌ల గాల్వెస్టన్‌ల పుట్టిండు, అమ్మానాన్న బానిసలుగ ఉండి విడుదలైనోళ్లు. ఇక్కడి నుంచి మామూలుగా రాస్తా, లేకపోతే నిక్కచ్చి అన్న నా యాస మీద పడతాడు.

అప్పట్లో నల్లవాళ్లతో హెవీవెయిట్ టైటిల్‌కు తెల్ల ఛాంపియన్లు తలపడేవాళ్లు కాదు, ఓడిపోతే పరువు పోతుందని. జాన్సన్ అప్పటి ఛాంపియన్ టామీ బర్న్స్ వెనక దేశాలు పట్టుకుని తిరిగాడు, చివరికి 1908 డిసెంబర్ 26న ఆస్ట్రేలియాలో సిడ్నీలో దొరకబుచ్చుకున్నాడు. కొట్టడం కంటే ఎక్కువ నవ్వాడు, కొడుతూ మాట్లాడాడు. పోలీసులు మధ్యలో ఆపాల్సి వచ్చింది, కెమెరాలు కూడా అక్కడే ఆగిపోయాయి, తెల్లోడు కింద పడటం ఫిల్ములో ఉండకూడదని. రింగ్ పక్కన పత్రికకు రాస్తున్నది రచయిత జాక్ లండన్. రిటైరై ఎక్కడో పొలం చూసుకుంటున్న తెల్ల మాజీ ఛాంపియన్ జెఫ్రీస్ లేచి రావాలి, ఆ నవ్వు చెరపాలి అని రాశాడు. అక్కడి నుంచి దేశమంతా తెల్లవాళ్లలో ఎవడు దొరుకుతాడా అని వేట.

జెఫ్రీస్ ఓటమి లేకుండా 1905లోనే మానేసినవాడు, బాగా ఒళ్లు చేశాడు, ఒప్పించి ఒళ్లు తగ్గించి తెచ్చారు. 1910 జులై 4, అంటే వాళ్ల స్వాతంత్ర్య దినం రోజు, నెవాడాలో రీనో ఊళ్లో ఎర్రటి ఎండలో. ప్రమోటర్ మళ్లీ బాబ్జీ అన్న చెప్పిన రికర్డే, రెఫరీ కూడా ఆయనే! 45 రౌండ్లు పెట్టుకున్నారు, 15వ రౌండ్‌లో అయిపోయింది. జీవితంలో ఎప్పుడూ కింద పడని జెఫ్రీస్ తాళ్ల మధ్యలోంచి బయటికి పడ్డాడు.

ఆ సాయంత్రం టెలిగ్రాఫ్‌లో కబురు వెళ్లిన ప్రతి పెద్ద ఊళ్లో నల్లవాళ్లు వీధుల్లోకొచ్చి సంబరం చేసుకున్నారు, వాళ్ల మీద దాడులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. తర్వాత ఆ మ్యాచ్ ఫిల్మును ఊరూరా నిషేధించారు. 1912లో ఏకంగా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, చట్టం చేసింది, బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడం నేరం. 1940 దాకా ఉందా చట్టం. ఒక మనిషి గెలిచే బొమ్మ జనం చూడకూడదని చట్టం చేశారంటే ఆ బొమ్మకు ఎంత బలముందో చూడండి.

సీత, కొలంబస్

శీను తమ్ముడూ, తర్వాత ఏమైందో కూడా చెప్పు, అక్కడ ఆపితే ఎలా.

పాలమూరు శీను

చెప్త అక్కా. అతను తల వంచుకునే రకం కాదు. బంగారు పళ్లు, రేసు కార్లు, చికాగోలో సొంత క్లబ్బు, తెల్ల అమ్మాయిలతో పెళ్లిళ్లు. ఆడవాళ్లను "అనైతిక" పనుల కోసం రాష్ట్రాలు దాటించకూడదనే చట్టం ఒకటుండేది, అందులో ఇరికించారు. ఏడాది ఒక రోజు శిక్ష. 1913లో దేశం వదిలి పారిపోయాడు. 1915లో క్యూబాలో హవానాలో జెస్ విల్లర్డ్ చేతిలో 26వ రౌండ్‌లో టైటిల్ పోయింది. 1920లో వచ్చి లొంగిపోయి శిక్ష అనుభవించాడు. క్షమాభిక్ష 2018లో వచ్చింది, చనిపోయిన 72 ఏళ్లకు.

ఇంకొకటి. బేస్‌బాల్‌లో నల్లవాళ్లకు పెద్ద లీగుల్లో చోటే లేదు కదా, 1920లో రూబ్ ఫోస్టర్ అనే మాజీ పిచర్ కాన్సస్ సిటీలో మీటింగ్ పెట్టి వాళ్లకంటూ నీగ్రో నేషనల్ లీగ్ మొదలుపెట్టాడు. ఆ లీగుల లెక్కలను 2024లో ప్రధాన రికార్డుల్లో కలిపారు. బ్యాటింగ్ సగటులో పెద్ద లీగుల ఆటగాడు టై కాబ్‌ది ఎవరూ దాటలేని .367 అనేవాళ్లు, ఇప్పుడు పైన నీగ్రో లీగుల జాష్ గిబ్సన్ .372తో కూర్చున్నాడు. గిబ్సన్ 1947 జనవరిలో పోయాడు. నల్లవాళ్లకు ఆ తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్‌లో.

నిక్కచ్చి

శీను యాసలో రాసినా చదువుతాను. ఇది మాత్రం నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా.

ఉత్తరాంధ్ర పిల్లోడు

ఆ లెక్కన జిమ్ థోర్ప్ కూడా ఉండాలి కదా ఇక్కడ. ఓక్లహోమా దగ్గర సాక్ అండ్ ఫాక్స్ తెగ ఆదివాసీ కుర్రాడు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, భాష మాన్పించి "మనుషుల్ని చేసే" కార్లైల్ బడిలో చదివాడు. ఆ బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1911లో హార్వర్డ్‌ను 18-15తో ఓడించింది. 1912లో సైన్యం అకాడమీ జట్టును 27-6తో. ఓడినవాళ్లలో ఐసెన్‌హోవర్ ఉన్నాడు, ఔను, తర్వాత ప్రెసిడెంట్ అయిన ఆయనే.

1912లోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిట్లో బంగారు పతకాలు. అక్కడ తీసిన ఒక ఫొటో ఉంది, చూడండి. బూట్లు ఎవరో కొట్టేశారు, దొరికినవి వేసుకున్నాడు. ఒక కాలి బూటు ఒకలా, ఇంకోటి ఇంకోలా, ఒక కాలికి మేజోళ్లు ఎక్కువ వేసి సరిచేసుకున్నాడు. న్యూయార్క్‌లో ఊరేగింపు. ఆరు నెలలు తిరక్కుండా 1913 జనవరిలో పత్రికలో వచ్చింది, అంతకుముందు నార్త్ కరోలినాలో చిన్న జట్లకు కూలి డబ్బులకు బేస్‌బాల్ ఆడాడని. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది వేసవిలో దొంగ పేర్లతో ఆడి సంపాదించుకునేవారు. ఇతను సొంత పేరుతో ఆడాడు. నేనొక ఆదివాసీ బడి పిల్లాణ్ణి, ఇవన్నీ నాకు తెలియవు, క్షమించండి అని ఉత్తరం రాశాడు. పతకాలు లాక్కున్నారు. అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లో చెప్పాలని వాళ్ల రూలే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత బేస్‌బాల్ ఆడాడు, ఫుట్‌బాల్ ఆడాడు, డబ్బుల్లేక హాలీవుడ్‌లో గుంపులో వేషాలు వేశాడు. 1951లో అతని మీదే సినిమా వచ్చింది, బర్ట్ లాంకాస్టర్ వేశాడు. 1953లో పోయాడు. 1982లో పతకాలు సగం ఇచ్చారు, అంటే సహ విజేత అని. మొత్తంగా ఏకైక విజేత అని ఒప్పుకున్నది 2022లో. పెన్సిల్వేనియాలో ఒక ఊరు తన పేరే జిమ్ థోర్ప్ అని మార్చుకుని ఆయన శవపేటికను తెచ్చి పెట్టుకుంది, టూరిస్టులు వస్తారని. బతికుండగా ఆయన ఆ ఊరు చూడనే లేదంటారు. కొడుకులు ఇప్పించమని కోర్టుకెళ్లి ఓడిపోయారు.

మాది వీరఘట్టం వైపు. అందుకని థోర్ప్ గురించి చదివినప్పుడల్లా మా కోడి రామమూర్తి నాయుడు గుర్తొస్తాడు. అదే కాలం. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, కార్లు ఆపాడు, కలియుగ భీముడన్నారు. ఆయనా సర్కస్‌తోనే ఊరూరా తిరిగాడు.

రంగారావు మాస్టారు

రామమూర్తి గారిని తలిచావు కాబట్టి నేనూ ఒకటి. రూత్ పుట్టింది 1895. మన తెలుగింటి సి.కె. నాయుడు గారు నాగపూర్‌లో పుట్టిందీ 1895లోనే. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 కొట్టారు, అందులో 11 సిక్సర్లు. జనం చెట్లెక్కి, మిద్దెలెక్కి చూశారు. అంతకు ఐదారేళ్ల ముందే న్యూయార్క్‌లో జనం రూత్ కోసం ఎగబడటం మొదలైంది. 1920లో అతను 54 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, చాలా జట్లలో ఏ ఒక్క జట్టు మొత్తం కొట్టినవాటి కంటే అది ఎక్కువ. నెమ్మదిగా ఒక్కో అడుగూ ముందుకు జరిపే పాత ఆటను అతను ఊపుడు ఆటగా మార్చేశాడు. సి.కె. గారిదీ ఊపుడే.

సీత, కొలంబస్

మగవాళ్లే వరసగా వస్తున్నారు, అందుకని గెర్ట్రూడ్ ఎడెర్లీ. న్యూయార్క్‌లో మాంసం కొట్టు నడిపే జర్మన్ కుటుంబం అమ్మాయి. చిన్నప్పుడు తట్టు వచ్చి వినికిడి దెబ్బతింది, ఈదితే ఇంకా పోతుందని డాక్టర్లు చెప్పినా మానలేదు. 1925లో ఇంగ్లిష్ ఛానల్ ఈదబోతే మధ్యలో కోచ్ ఆమెను నీళ్లలోంచి తీయించేశాడు. ముట్టుకుంటే చాలు, అనర్హత. ఆమెకు ఒళ్లు మండిపోయింది. 1926 ఆగస్టు 6న మళ్లీ దిగింది, ఈసారి కోచ్‌ను మార్చి. అక్క కుట్టిచ్చిన రెండు ముక్కల ఈత దుస్తులు, ఒంటినిండా కొవ్వు పూత, కళ్లద్దాల అంచులకు కొవ్వొత్తి మైనం కరిగించి పూసుకుంది నీళ్లు పోకుండా. (ఇది చదివి మా అమ్మాయి ఈత అద్దాలకు మైనం రాసింది, అద్దాలు పారేయాల్సి వచ్చింది.) నాన్న ఎర్ర కారు కొనిస్తానన్నాడు, పడవ మీద అక్క ఆ కారు గుర్తు చేస్తూనే ఉంది. గాలివాన పెరిగి పడవలోవాళ్లు బయటికి వచ్చేయమంటే "దేనికి?" అందట.

పద్నాలుగున్నర గంటల్లో అవతలి ఒడ్డు. అంతకుముందు ఈదినవాళ్లు ఐదుగురూ మగవాళ్లే, వాళ్లలో అందరికంటే వేగంగా ఈదినవాడి కంటే ఈమె దాదాపు రెండు గంటలు ముందు. ఆడవాళ్ల వల్ల కాదని సంపాదకీయాలు రాసినవాళ్లు ఏం చేశారో నాకు తెలుసుకోవాలని ఉంది, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నారేమో. న్యూయార్క్‌లో ఊరేగింపుకు ఇరవై లక్షల మంది వచ్చారని పత్రికలు రాశాయి. సినిమాలో చిన్న వేషం, వాడ్‌విల్ నాటక కంపెనీలతో ఊళ్లు తిరగడం, మేనేజర్ బేరాలు ఆలస్యం చేయడం, ఇంతలో ఇంకో ఆవిడ కూడా ఛానల్ ఈదేయడం, ఏడాదికి జనం అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ విమానం వైపు తిరిగారు. ఆమె చెవుడు పెరిగింది, తర్వాత వినపడని పిల్లలకు ఈత నేర్పుతూ 98 ఏళ్లు బతికింది. 2003లో పోయింది.

చిల్లర నాణేలు

అక్కా, ఉల్లిపాయలు 😂

మేనేజర్ అన్నారు కాబట్టి, రూత్ మేనేజర్ క్రిస్టీ వాల్ష్. 1921లో రూత్ ఎవరినీ గదిలోకి రానివ్వకపోతే, కింద కొట్టులోంచి బీరు కేసు తీసుకెళ్లే కుర్రాడిలా లోపలికి దూరి సంతకం పెట్టించుకున్నాడట. మద్యనిషేధం రోజులండోయ్ అవి. ఆ తర్వాత రూత్ పేరు మీద పత్రికల్లో వ్యాసాలే వ్యాసాలు, అన్నీ విలేకరులు రాసినవే. రూత్ అవి చదివేవాడో లేదో!

గోదారోడు

సోమవారం రిపోర్ట్. హోబోకెన్ కథ చెప్పేసరికి టేబుల్ నిశ్శబ్దం. జాన్సన్ ఫిల్ము చట్టం చెప్తే ఆయన చపాతీ పక్కన పెట్టారు. అయినా ఒప్పుకోలేదు. చివరికి చేతులు కడుక్కుంటూ "అవన్నీ సరే, గుడి కట్టారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రంగారావు మాస్టారు

కట్టారు నాయనా. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే పల్లెలాంటి ఊళ్లో, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్. గోడ నిండా కంచు విగ్రహ ఫలకాలు. 1936లో మొదట ఐదుగురిని ఎన్నుకున్నారు, కాబ్, రూత్, వాగ్నర్, మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. ఓట్లలో కాబ్ 222, రూత్ 215. తలుపులు తెరిచింది 1939 జూన్ 12న.

ఆ ఊళ్లోనే ఎందుకంటే దానికో స్థలపురాణం ఉంది. బేస్‌బాల్ ఇంగ్లండ్ పిల్లల ఆటల్లోంచి పుట్టిందంటే క్రీడాసామాన్ల వ్యాపారి స్పాల్డింగ్‌కు గిట్టలేదు, మన దేశంలోనే పుట్టిందని తేల్చమని 1905లో ఒక కమిషన్ వేయించాడు. ఒక ముసలాయన ఉత్తరం రాశాడు, 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆబ్నర్ డబుల్‌డే ఈ ఆట కనిపెట్టాడని. 1839లో ఆ ఉత్తరం రాసినాయనకు ఐదేళ్లు. డబుల్‌డే ఏమో అప్పుడు వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఉన్నాడు. తర్వాత సివిల్ వార్ జనరల్ అయ్యాడు, బేస్‌బాల్ తాను కనిపెట్టానని ఎక్కడా రాసుకోలేదు. అయినా కమిషన్ సరే అంది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ ఊరికి జనం రావాలి. పక్క ఊళ్లో ఒక పాత పెట్టెలో చిరిగిపోయి లోపలి గుడ్డ బయటికొచ్చిన బంతి ఒకటి దొరికింది, కుట్టుమిషన్ల సొమ్ముతో బతికే స్టీఫెన్ క్లార్క్ అనే పెద్దమనిషి దాన్ని ఐదు డాలర్లకు కొని అద్దాల పెట్టెలో పెట్టాడు, డబుల్‌డే బంతి అని. ఇప్పుడూ ఉంది, దర్శనం చేసుకోవచ్చు.

నిక్కచ్చి

మూలవిరాట్టు ఐదు డాలర్లా! సరే, ఓడిపోయాను.

హోబోకెన్ బాబ్జీ

మా ఇంటి నుంచి కారులో నాలుగు గంటలు. వచ్చే లాంగ్ వీకెండ్ వెళ్తున్నాం, ఎవరైనా వస్తారా? పులిహోర మేం తెస్తాం. అక్కడ ప్రసాదం హాట్‌డాగే అనుకుంటా.

రంగారావు మాస్టారు

రూత్ తిన్నన్ని తినకు. 1925 ఏప్రిల్‌లో రైలు దిగుతూ కుప్పకూలితే హాట్‌డాగులు ఎక్కువైపోయాయని పత్రికలు రాశాయి, పొట్ట ఆపరేషన్ దాకా వెళ్లింది. లండన్ పత్రికలో అయితే చచ్చిపోయాడని కూడా వేసేశారు.

గోదారోడు

బాబ్జీ అన్నా, ఆ బంతి ఫొటో ఒకటి తీసి పెట్టండి. ఆఫీసులో ఆయనకు చూపించాలి.